ఏడువందల దగ్గర తాడు

సింగపూరులో మా బావెయాన్ దీవి మగవాళ్ళకి రాసిపెట్టింది గుర్రాల పని. దొరల బగ్గీలు తోలడం, గుర్రాలకి మాలీసు చెయ్యడం, పేడ ఎత్తడం. సర్బిని మాత్రం గుర్రం సకిలిస్తే చాలు, ఆమడ దూరం పరుగెత్తే రకం. అందుకే హార్బరు ఆఫీసులో చేరాడు. మా ఊరివాళ్ళం నలభైమందిమి కలిసి ఉండే పెద్దింట్లో, మా పొండోక్‌లో, అందరూ అతన్ని ‘మేకు మామ’ అనేవాళ్ళు. అతనికి కోపం వచ్చేది కాదు. నిజం చెప్పాలంటే అతనికి ఏదీ వచ్చేది కాదు, కోపమూ నవ్వూ కూడా.

ఆ పేరు ఊరికే రాలేదు. ప్రయాణికుల ఓడలో అనుమతి పత్రంలో రాసినదానికన్నా జనం ఎక్కువుంటే ఆ ఓడను అక్కడికక్కడే పట్టుకోమని చట్టం హార్బరు దొరకి అధికారం ఇచ్చింది. దొర కాగితం మీద సంతకం గీకుతాడు. సర్బిని ఆ కాగితాన్ని తెరచాప కొయ్యకి మేకు కొట్టి బిగిస్తాడు. అంతే, ఇక ఓడ కదలడానికి వీల్లేదు. ఆ తర్వాత తాడు పని. జనాన్నంతా డెక్కు వెనకభాగంలోకి తోసి, అడ్డంగా తాడు పట్టుకుని, ఒక్కొక్కరినీ ముందువైపుకి దాటిస్తాడు. పదిమందికో గవ్వ కొబ్బరిచిప్పలో వేస్తాడు. లెక్క నిండగానే తాడు దించేస్తాడు. మిగిలినవాళ్ళు మూటలు సర్దుకుని పడవల్లోకి దిగాలి. వాళ్ళు దిగాక మేకు ఊడదీస్తాడు, ఓడ వెళ్ళిపోతుంది.

చట్టం చెడ్డదని అనను. జనాన్ని కుక్కిన ఓడల్లో గాలాడక, నీళ్ళందక చచ్చినవాళ్ళ సంగతి మా రేవులో ఎవరినడిగినా చెబుతారు. కానీ ఆ తాడు పట్టుకునే చెయ్యి ఒకటుండాలి కదా, ఆ చెయ్యి సర్బినిది.

మొదటి ఏడాది అతను మొహాలు చూసి లెక్కపెట్టేవాడు. మొహాలు ఏడుస్తాయి, బతిమాలతాయి, ‘నాయనా, నా తల్లి లోపలుందయ్యా’ అంటాయి. లెక్క తప్పిపోయేది. రెండో ఏడాది నుంచి తల వంచుకుని కాళ్ళు చూడడం మొదలుపెట్టాడు. కాళ్ళకి ఆ గోల లేదు. ఇరవై రెండేళ్ళు కాళ్ళే చూశాడు.

అతనికి అయినవాళ్ళంటూ ఉన్నది ఒక్క అక్క, సావుదా. తల్లి పోతే నాలుగేళ్ళ సర్బినిని చంకనేసుకుని వడ్లు దంచి పెంచిన మనిషి. ఆమె దీవి నుంచి హజ్జుకి బయలుదేరి వచ్చింది. మా వైపు హజ్జుకి వెళ్ళడమంటే తిరిగొస్తామన్న ఆశ పెట్టుకోకుండా వెళ్ళడమే. గడపగడపకీ వెళ్ళి తప్పులుంటే మన్నించమని అడిగింది. గిన్నెలు, చాపలు పంచేసింది. ఇల్లు ఊళ్ళో గూడులేని ఒక పిల్లకి ఇచ్చేసింది. ఊరు ఊరంతా పోయినవాళ్ళకి ఏడ్చినట్టే ఏడ్చి సాగనంపింది. తోడుగా పక్కింటి మర్వియా వచ్చింది. ఇద్దరూ శవానికి చుట్టే తమ కఫన్ గుడ్డ తామే మూట కట్టుకుని తెచ్చుకున్నారు, దారిలో ఏమైనా అయితే ఎవరికీ ఇబ్బంది లేకుండా.

మూడు వారాలు పొండోక్‌లో ఉన్నారు. ఓడ ఎక్కే రోజు పొద్దున సావుదా తమ్ముడి చొక్కా గుండీ కుడుతూ, “ఒరే సర్బీ, నలభై ఏళ్ళొచ్చాయి, ఒక పెళ్ళాన్ని తెచ్చుకోవడం చేతకాలేదు. నేను పోతే నీ గుండీలు ఎవరు కుడతార్రా, నీ హార్బరు దొరా?” అంది.

“మేకు కొట్టుకుంటాలే” అన్నాడు.

ఆమె పకపకా నవ్వింది. తమ్ముడు తన జన్మలో వేసిన జోకు అదొక్కటే.

ఆ మధ్యాహ్నమే దొర అతన్ని పిలిచి పడవెక్కించాడు. రేవు బయట లంగరేసిన ‘నూర్ బహర్’ దగ్గరికి వచ్చాకగానీ అది అక్క ఎక్కిన ఓడని అతనికి తెలియలేదు. పత్రంలో ఏడువందలు. డెక్కు మీద చూస్తే వెయ్యికి తక్కువ లేరు, చీమ దూరే సందు లేదు. అరఫాత్ రోజుకి ఇంకా ఇరవై రెండు రోజులుంది. ఆ రోజుకి మక్కా పక్కన అరఫాత్ మైదానంలో నిలబడకపోతే హజ్జు లేదు. ఆ ఏడాదికి అందుకోగల ఓడ ఇంకోటి లేదు. ఇదంతా సర్బినికి తెలుసు. దొర సంతకం పెట్టాడు, అతను మేకు కొట్టాడు. సుత్తి దెబ్బకి ఏడుపులు మొదలయ్యాయి.

తాడు పట్టుకున్నాడు. కాళ్ళు దాటడం మొదలైంది. పగిలిన మడమలు, వాచిన చీలమండలు, కొత్త చెప్పులు. గవ్వలు పడుతున్నాయి. అక్క ఎక్కడుందో తలెత్తి వెతికి ముందుకు పిలవొచ్చు. పిలవలేదు. పిలవకూడదని అనుకోనూ లేదు. చెయ్యి తాడు ఎత్తి పట్టుకుంది, నోరు అంకెలు చెప్పింది.

డెబ్బయ్యో గవ్వ చిప్పలో పడింది. తాడు దించాడు.

తాడుకి అవతల ఒక జత కాళ్ళు ఆగాయి. ఎడమకాలి బొటనవేలు వంకర. చంకలో తమ్ముణ్ణి పెట్టుకుని దంచుతుంటే రోకలి జారి పడి వంకరపోయిన వేలు అది.

“సర్బీ, నేనురా.”

“తెలుసక్కా. నిండింది.”

“మర్వియా అటు దాటేసిందిరా.”

“నిండింది.”

దొర చుట్ట వెలిగించుకుని సముద్రం వైపు తిరిగాడు. “ముసలామె ఒక్కతేగా, పోనీలే” అన్నాడు, తనకేమీ కనబడటం లేదన్నట్టు. సర్బిని తాడు ఎత్తలేదు. ఆమె వెనకాల ఇంకో మూడొందల మంది ఉన్నారు. వాళ్ళకీ తమ్ముళ్ళుంటారని ఏదో ఒక ఆలోచన వచ్చిందట. నాకు చెప్పినప్పుడు అలా అన్నాడు. కానీ మనసులో ఏమీ కదల్లేదని కూడా అతనే చెప్పాడు. అది తలుచుకుంటే తనకి భయం వేసిందట, చాలా రోజుల తర్వాత.

సాయంత్రానికల్లా నూర్ బహర్ వెళ్ళిపోయింది. అక్కాతమ్ముళ్ళు ఒకే పడవలో ఒడ్డుకి వచ్చారు.

మర్నాడు ఆఫీసు గుమాస్తా తెక్ సూన్ కాగితాలు తిరగేస్తూ నవ్వాడు. “ఏం మేకూ, నీకూ లెక్క తప్పుతుందా? కెప్టెను ఓడ కదిలాక తన పట్టీతో సరిచూసి, రేవు దాటించి వెనక్కొచ్చే పడవలో పంపాడు. ఆరువందల తొంభై తొమ్మిదే. ఒకటి తక్కువ.”

“ఇప్పుడేం చెయ్యాలి?”

“చేసేదేముంది? ఒకటి ఎక్కువైతే ఓడని పట్టుకోమంది చట్టం. తక్కువైతే ఏమీ చెప్పలేదు. పోయి పని చూసుకో.”

పని చూసుకున్నాడు. పొద్దుగూకాక పొండోక్‌కి వచ్చాడు. అక్క అన్నం, ఎండుచేప, మిరపకాయ పచ్చడి పెట్టింది. తిన్నాడు. మారు వడ్డించుకున్నాడు కూడా. లెక్క సంగతి చెప్పలేదు.

వచ్చే ఏడు వెళ్దువుగాని అని అందరం అన్నాం. “ఒకసారి అందరికీ వీడ్కోలు చెప్పేశాను. మళ్ళీ ఏ మొహం పెట్టుకుని చెప్పను?” అంది సావుదా. ఊరికీ పోలేదు. ఇల్లు ఇచ్చేసింది, ఏడుపులు అయిపోయాయి, ఎక్కడికి పోతుంది? పొండోక్‌లోనే నలభైమందికి వంట చేస్తూ ఉండిపోయింది. మక్కా దాకా వెళ్ళలేక ఇక్కడే ఆగిపోయినవాళ్ళని మావాళ్ళు ‘సింగపూర్ హాజీ’ అని వెక్కిరిస్తారు. ఎవడో కుర్రసన్నాసి ఆమెని అలాగే పిలిస్తే గరిటె ఎత్తింది. “నేను సింగపూర్ హాజీనైతే నువ్వు గుర్రప్పేడ హాజీవిరా. ముందు కాళ్ళు కడుక్కుని రా, అన్నం పెడతాను.” అందరం నవ్వాం, సర్బిని తప్ప.

మర్వియా హాజీ అయి తిరిగొచ్చింది. దీవికి పోతూ దారిలో పొండోక్‌లో దిగి, సావుదాకి మక్కా నుంచి తెచ్చిన జమ్‌జమ్ బావి నీళ్ళిచ్చింది. ఇద్దరూ వంటింట్లో చాలాసేపు మాట్లాడుకున్నారు. సర్బిని ఆ రోజు ఓడ మీద ఉన్నాడు.

పదకొండేళ్ళు గడిచాయి. ఎన్ని ఓడలకి మేకులు కొట్టాడో అతనికే తెలియదు. సావుదాకి ముందు మోకాళ్ళు పోయాయి, తర్వాత మంచం పట్టింది. ఒక శుక్రవారం నమాజు నుంచి వచ్చి, ఆమెకి గంజి తాగిస్తూ, ఏ ముందుమాటా లేకుండా అన్నాడు: “అక్కా, ఆ రోజు లెక్క నిండలేదు. ఒక చోటు మిగిలింది.”

“తెలుసురా. మర్వియా కఫన్ మూట మర్చిపోయి, తాడు పక్కనుంచి వెనక్కొచ్చి మళ్ళీ దాటింది. నువ్వు తల ఎత్తకుండా రెండుసార్లు లెక్కేశావు. దాని పక్కన చాప పరిచేంత జాగా జెడ్డా దాకా ఖాళీగానే ఉందట.”

“నాకెందుకు చెప్పలేదు?”

“తెలిస్తే నీకు అన్నం సయించదని.” గంజి మింగింది. “ఇంతకీ నీకెప్పుడు తెలిసింది?”

“మర్నాడే. గుమాస్తా చెప్పాడు.”

ఆమె కొంగుతో మూతి తుడుచుకుంది. తర్వాత కోపం కూడా లేకుండా అంది: “అయితే సయించిందన్నమాట.”

సర్బిని తల ఎత్తలేదు. దుప్పటి బయటికి వచ్చిన ఆమె కాళ్ళనే చూస్తూ, గంజి గిన్నె పట్టుకుని కూర్చున్నాడు.