పొట్లం ముడి

నా చిన్నప్పుడు బోధన్ బజారులో నా అంత గట్టి బేరగాడు లేడని ఈ రోజుకీ రొమ్ము విరుచుకొని చెప్పగలను. తొమ్మిదో తరగతిలో ఉండగా శనివారం మధ్యాహ్నం జరిగే స్కౌటు పీరియడును వారానికొక బెల్లం ముక్కకు వదిలించుకున్నాను. అవతలివాడూ సంతోషంగానే ఒప్పుకున్నాడు. ఇద్దరూ నవ్వుతూ లేస్తేనే అది బేరమని మా బాపు అనేవాడు.

మాది బస్టాండు దగ్గర కిరాణా దుకాణం. శనివారం చుట్టుపక్కల ఊళ్ల చెరకు రైతులు సామానుకు వచ్చేవారు. ఆ సందడిలో బాపు పక్కన కూర్చోవడమే నాకు గొప్ప. బడి మైదానంలో తాళ్లు పట్టుకొని రకరకాల ముడులు నేర్చుకోవడం పనిలేనివాళ్ల పనిగా తోచేది. పైగా ముడి వేయడం నాకు రాదా ఏమిటి? రోజుకు వంద పొట్లాలు కట్టేవాణ్ణి. కొస పట్టి లాగితే చాలు, సుతిలి దానంతటదే విడిపోవాలి. గిరాకీకి ఇంట్లో ఇబ్బంది ఉండకూడదని బాపు నేర్పిన ముడి అది.

నా బెంచీ దోస్తు కోటగిరి దారిలోని ఒక పల్లె నుంచి వచ్చేవాడు. తాడంటే వాడికి ప్రాణం. నా బెల్లం ముక్క పుచ్చుకొని, హాజరు పిలిచినప్పుడు నా గొంతుతో పలికేవాడు వాడే. స్కౌటు నడిపే డ్రిల్లు సారు పరీక్ష పెట్టే రోజు తాను వేసిన ముడినే ఒకటి నా చేతిలోకి జార్చేవాడు. అలా వాడు ప్రతి ముడినీ రెండుసార్లు నేర్చుకున్నాడు, నేను ఒక్కసారీ నేర్చుకోలేదు. "రేపు నీ లాగు నాడ గూడ నేనే కట్టాల్నా, సేటూ?" అని ఏడిపించేవాడు.

చలికాలంలో ఒక శనివారం సారు అందరినీ కాలువ గట్టుకు తీసుకెళ్లారు. కిచిడీ వండుతారని తెలిసి ఆ వారం నేనూ బయల్దేరాను. తిన్నాక సారు చిన్నపిల్లలను వెంటబెట్టుకొని తూము చూపించడానికి కొంచెం దూరం వెళ్లారు. మేమిద్దరం గిన్నెలు కడుగుతున్నాం. గరిటె ఒకటి నీళ్లలోకి జారింది. దాన్ని అందుకోబోయి వాడూ జారాడు.

గట్టు రాయి ఒకటి చేతికి దొరికితే దాన్ని పట్టుకొని వేలాడాడు. నడుము దాకా నీళ్లు లాగుతున్నాయి. గుడారం వేయడానికి తెచ్చిన తాడు నా పక్కనే ఉంది. ఒక కొస వాడికి విసిరి, రెండో కొస తుమ్మచెట్టు మొదలుకు చుట్టి ముడి వేశాను. ముడి వచ్చినవాడు నీళ్లల్లో ఉన్నాడు, రానివాడు గట్టు మీద ఉన్నాడు.

"కట్టినవా?" అని అడిగాడు.

"కట్టిన," అన్నాను.

నా మాట నమ్మి రాయి వదిలేసి రెండు చేతులతో తాడు పట్టుకున్నాడు. నీళ్ల ఊపుకు చెట్టు దగ్గర తాడు ఒక్కసారి బిగిసింది. తర్వాత పొట్లం విప్పినంత మెత్తగా, చప్పుడు లేకుండా విడిపోయింది. నా ముందు నుంచి జారిపోతున్న కొసను పట్టుకోబోయాను. అది చేతికి తగిలి వెళ్లిపోయింది. దానికి బరువే లేనట్టు అనిపించింది. ఇన్నేళ్లకూ నిద్రలో అరచేతిలోంచి జారేది ఆ కొసే.

నా అరుపు విని సారు పరుగెత్తుకొచ్చి దూకారు. మలుపు దగ్గర వాణ్ణి బయటికి లాగారు. ప్రాణం దక్కింది కానీ రాళ్లకు కొట్టుకొని కుడి మోకాలు నుజ్జయింది.

సోమవారం వాడి నాయన, పదిమంది పెద్దమనుషులు బడికి వచ్చారు. మా బాపు కూడా వచ్చి, చదువు చెప్పమంటే పిల్లలను కాలువల పొంటి తిప్పుతారా అని అందరికంటే పెద్ద గొంతుతో అడిగాడు. తాడు కట్టిందెవరని ఒకాయన అడిగాడు. నేను బాపు వెనకే ఉన్నాను. సారు నా వైపు చూడనైనా చూడలేదు. "నేనే కట్టిన," అన్నారు.

నేను నోరు తెరవలేదు. స్కౌటు బందైంది. తాళ్లు బీరువాలోకి పోయాయి. నెల తిరగకుండా సారు ధర్పల్లి వైపు బదిలీ అయ్యారు. నా దోస్తు మళ్లీ బడికి రాలేదు.

వెళ్లే ముందు ఒక సాయంత్రం, గంట కొట్టాక, సారు నన్ను వరండాలో ఆపారు. చేతిలో అదే తాడు. "పొట్లం ముడి ఇప్పేటందుకు కట్టేది బిడ్డా. మనిషి కోసం కట్టేది వేరే," అన్నారు. జారని ముడి ఓపికగా నేర్పారు. తాడును స్తంభానికి నాతోనే కట్టించి, రెండో కొస తన నడుముకు చుట్టుకొని వరండా అంచున వెనక్కి తిరిగి నిలబడ్డారు. ఒరగబోతున్నారని అర్థమయ్యేసరికి ముడి దగ్గరికి పరుగెత్తాను. "జర ఆగుండ్రి సార్, మల్లొక్కసారి చూస్త," అన్నాను.

"గదే," అన్నారు సారు. "గా మాట నేర్పేటందుకే గిన్ని శనివారాలు."

నేను చూసి, లాగి, మళ్లీ చూశాక, ఆయన తన బరువంతా నా ముడి మీద వేసి ఒరిగారు. ముడి నిలిచింది.

అప్పటి నుంచి తలుపు గడియైనా, గ్యాస్ మీటైనా, వేసిన అని చెప్పి మళ్లీ వెళ్లి చూడనిదే నాకు నిద్ర పట్టదు. ఇప్పుడు నిజామాబాద్‌లో ఉన్న నా దుకాణంలో పొట్లాలన్నీ ఆ ముడితోనే కడతాను. గిరాకీలు విసుక్కుంటారు. ఒకసారి నా దోస్తు కుంటుతూ వచ్చి పప్పు తీసుకున్నాడు. నేను కడుతుంటే చేతులవైపే చూశాడు. "జర వదులుగ కట్టు సేటూ, ఇంటికాడ ఇప్పరాదు," అన్నాడు. అంతకు మించి వాడెన్నడూ ఏమీ అనలేదు. అంటే బాగుండేది.

మొన్న నా మనుమరాలి బడి నుంచి, ఏ క్లబ్బులో చేరుతుందో రాయమని కాగితం వచ్చింది. అది ఖాళీగా వదిలేసి ట్యూషన్‌కు పంపుదామని నా కొడుకు గంటసేపు బేరమాడాడు. నేను తగ్గలేదు. ఎందుకని అడిగితే, ఇదంతా మొదటిసారి వాడికి చెప్పాను.

ఆ బేరం బిల్లు ఇక తగ్గింపు లేకుండా చెబుతాను. నాకు వచ్చినవి పందొమ్మిది శనివారాలు. పోయినవి నా దోస్తు మోకాలు, వాడి పదో తరగతి, సారు మంచిపేరు, మా తర్వాత ఆ బడికి వచ్చిన పిల్లలందరి శనివారాలు. వీటన్నిటికీ నేను ఇచ్చింది పందొమ్మిది బెల్లం ముక్కలు. ఆ బెల్లం కూడా బాపు దుకాణంలోదే.