హాబీ అన్న ఉత్తరం

ఉద్యోగంలో ఉన్న జర్నలిస్టులకు జీతమిచ్చి ఏడాదిపాటు చదువుకోనిచ్చే యూనివర్సిటీ ఫెలోషిప్‌కి అప్లై చేశాను. దానికి ఎడిటర్ ఉత్తరం కావాలి. అమెరికాలోని అల్ఫారెట్టా ఊళ్లో మా తెలుగు మాసపత్రిక ఎడిటర్ పగలు సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. అతని పేరుతో వచ్చే సంపాదకీయాలు పదకొండేళ్లుగా నేనే రాస్తున్నాను. ఆ పెద్దమనిషి అప్లికేషన్ గడువు ఆఖరి రోజున ఉత్తరం పంపాడు: "ఈ ఆంటీ మా పత్రికకి హాబీగా రాస్తుంటారు."

ఫోన్ చేశాను. "హాబీ అంటే నా అప్లికేషన్ చూడను కూడా చూడరు, నాయనా!"

"ప్రేమగానే రాశానాంటీ! అయినా ఈ వయసులో మీకు యూనివర్సిటీ ఎందుకండీ?"

"సరే, ఈ నెల సంపాదకీయం నువ్వే హాబీగా రాసుకో."

గంట తిరక్కుండా అతను పంపిన ఇంకో ఉత్తరంలో నేను అసోసియేట్ ఎడిటర్‌నైపోయాను. భయపడితే ఎంత మర్యాదగా రాస్తాడో ఆవేళే చూశాను. కొత్త ఉత్తరం అప్‌లోడ్ అయ్యాకే సంపాదకీయం మొదలుపెట్టాను.