పూలు తేల్చిన ఇళ్ల బేరం

మీ ఇల్లు అమ్మాలో వద్దో మీరు ఎవరిని అడుగుతారు?

ముసలితనంలో బాడుగలతో బతుకుదామని మా నాయన ఆదోనిలో నాలుగిళ్లు కట్టించాడు. వచ్చిన బాడుగంతా కురిసే మిద్దెల మరమ్మతులకే పోతుంటే, అవి అమ్మి ఎమ్మిగనూరు దగ్గర పొలం కొనాలనుకున్నాడు. గుడిలో పూలడిగాడు. విగ్రహం కుడి భుజం మీది పువ్వు రాలితే అమ్మాలి, ఎడమది రాలితే వద్దు. ఎడమదే రాలింది. పూలు అంటించిన పూజారి ఆ నాలుగిళ్లలో ఒకదాంట్లోనే బాడుగకున్నాడు.

"నాయనా, ఆయనుండే ఇల్లు వదిలేసి అడుగు" అన్నాను.

"సామీ, నీ ఇల్లు అమ్మేది లేదు. తక్కిన మూడూ అమ్మల్లా, వద్దా?" అని నాయన పూజారినే అడిగాడు.

పూజారి మళ్లీ పూలు అంటించాడు. నాయన చేతులు జోడించకముందే కుడి పువ్వు రాలింది.

"సూసినావాప్పా, దేవుడు మనసు మార్చుకున్నాడు!" అన్నాడు నాయన సంబరంగా. ఆ వారమే మూడిళ్లూ అమ్మేశాడు.

పాఠకులారా, మీ ముసలితనం గురించి ఇవాళే ఇంటిల్లిపాదీ కూర్చుని, మీ బుర్రతో మీరే తేల్చుకోండి!