బాప్తిస్మానికీ సీటుకీ మధ్య

పగలంతా ఇక్కడ గల్ఫ్‌లో, సఖీర్‌లో యూనివర్సిటీ పిల్లలకి లా పాఠాలు చెప్పి, ఇంటికొచ్చి నా పుస్తకం ముందేసుకుంటాను. అమెరికా బడుల్లో తెల్లవాళ్ళూ నల్లవాళ్ళూ, మన కాలేజీల్లో రిజర్వేషన్లు, రెండు రాజ్యాంగాల పేచీలు. ఏళ్ళుగా ఇదే పని. ఇంగ్లిషులో ఎలాగో నడుస్తుంది. తెలుగులో రాయబోతే రేస్ అన్నా జాతే, కులం అన్నా జాతే, దేశమన్నా జాతే. అక్కడికొచ్చేసరికి ఓపిక చచ్చి కంప్యూటర్ మూసేస్తాను.

శుక్రవారాలు ఉమ్మ్ అల్ హస్సామ్ పేటలో మా తెలుగు క్రైస్తవుల ప్రార్థన సహవాసం. ఆమధ్య ప్రార్థన అయ్యాక, నర్సుగా చేసే గుంటూరు సిస్టర్ ఒకావిడ కూతుర్ని వెంటబెట్టుకుని నా దగ్గరికొచ్చింది. పిల్ల ఇండియా వెళ్ళి లా చదువుతానంటోంది. పిల్ల కులం సర్టిఫికెట్‌లో హిందూ అనీ, ఎస్సీ అనీ ఉంది. మా సహవాసంలో సగం మంది సంగతి ఇంతే, నాతో సహా. ఎవరం ఎవర్నీ అడగం. ఇప్పుడా పిల్ల బాప్తిస్మం తీసుకుంటానని పట్టుబట్టి కూర్చుంది.

"మీరు ఇయ్యన్నీ రాస్తారంట గదా సిస్టర్ గారూ. సీటుకేమన్నా ఇబ్బందా? మీరన్నా చెప్పండి, నా మాట ఇనట్లా" అంది తల్లి.

నాకు ఒళ్ళు మండింది. ఆమె మీద కాదు, ఆ ప్రశ్న అడగాల్సి వచ్చినందుకు. అయినా క్లాసులో చెప్పినట్టే పిల్లకి చెప్పాను.

"బాప్తిస్మం తీసుకుని క్రైస్తవురాలివైతే చట్టం నిన్ను ఎస్సీగా చూడదమ్మా. బీసీల్లో వేస్తారు. అక్కడ సీటు రావడం కష్టం."

"అంటే నా కులం పోద్దా ఆంటీ?"

"పోదు."

"ఊళ్ళో మా నానమ్మని పిలిచే పిలుపు మారిద్దా?"

"మారదు."

"మరి పోయేదేంటి?"

"సీటు" అన్నాను. నేనిన్నేళ్ళుగా రాస్తున్నదాంట్లో ఇంతకు మించి ఏముందా అని నీరసం వచ్చింది.

మరుసటి శుక్రవారం పాస్టర్ గారు బాప్తిస్మానికి సిద్ధపడ్డవాళ్ళని లేచి నిలబడమన్నారు. ముగ్గురు లేచారు. ఆ పిల్ల తల వంచుకుని కూర్చునే ఉంది.

బయటికొస్తుంటే తల్లి నా రెండు చేతులూ పట్టుకుంది. "మీ మాటకి ఆగింది సిస్టర్ గారూ, మీ మేలు మర్చిపోను" అంది. ఆమె వెనకాల, చెప్పుల దగ్గర, పిల్ల గోడకేసి తిరిగి ఏడుస్తోంది.