చంద్రుడి మీద తెగిన పోగు

ఈ సంగతి ఎక్కడా రాసి లేదు కాబట్టి నేనే రాయాలి. గద్వాల చీరల గురించి మా శాఖా గ్రంథాలయంలో ఉన్నవన్నీ చదివాను. వనపర్తిలో జరిగిన కంప్యూటర్ ఆటల పోటీలో ఒక నేతగాడు తన జట్టును ఎలా ఓడించాడన్నది ఒక్కదాంట్లోనూ లేదు. ఆ నేతగాణ్ణి నేనే.

ఆ రోజుల్లో నాకు పంతొమ్మిదేళ్లు. పుస్తకంలో చదివింది ఎదుటివాడికి చెప్పకపోతే అన్నం అరిగేది కాదు. మగ్గం మీద నా పక్కన మేనత్త కొడుకు, మా బావ. నూలు చీరకు పట్టు అంచు కలిపి నేయాలంటే ఇద్దరు కూర్చోవాలి. ఒకరు లేస్తే రెండోవాడూ ఖాళీ. ఆదివారాలు మాత్రం ఇద్దరం బస్టాండు దగ్గరి కంప్యూటర్ సెంటర్‌లో, అంటే ఆటలోని చంద్రుడి మీద, ఉండేవాళ్లం. జట్టుకు నలుగురు: మేమిద్దరం, సెంటర్ నడిపే లడ్డన్న, వాళ్ల తమ్ముడు. తెర మీద మన ముఖం కనబడదు, చేతిలో తుపాకీ ఒక్కటే కనబడుతుంది. శత్రువులను దాటుకుని ఇంధనం బండిని అంతరిక్ష నౌక దాకా తోయాలి. చంద్రుడి మీద గాలి లేదు కనుక తుపాకీ చప్పుడు వినబడకూడదని నేను వివరించబోతే (ఆ పుస్తకాన్ని రెండుసార్లు తెచ్చుకుని చదివాను), లడ్డన్న ఇలా అనేవాడు: "పంతులూ, చప్పుడు సంగతి తర్వాత జూద్దాం. జర తుపాకి పైకి లేపు, నేలను కాలుస్తున్నవ్."

బావ మాత్రం నిజంగా ఆడేవాడు. వనపర్తి పోటీలో గెలిచిన జట్టులోని మేటి ఆటగాణ్ణి హైదరాబాదులో ఆటలు తయారుచేసే ఒక కంపెనీ పనిలోకి తీసుకుంటుందని తెలిసి, మా నాన్న ముందు నిలబడ్డాడు.

"మామా, గెలిస్తే పోత."

"గెలిస్తే పో, నేను అడ్డం రాను. ఓడితే మల్ల ఆ మాట ఎత్తొద్దు," అన్నాడు నాన్న. ఆ పూట ఇంట్లో ఎవరం సరిగ్గా తినలేదు.

చివరి ఆటలో బండి నౌకకు పది అడుగుల దూరంలో ఉంది. లడ్డన్నా, వాళ్ల తమ్ముడూ అప్పటికే చచ్చి, చేతులు కట్టుకుని మా తెరలు చూస్తున్నారు. బండి తోసేది నేను, కాపలా బావ. అంతలో బావ దెబ్బ తగిలి కూలాడు. "నా కాడికి రాకు, బండి తొయ్యి," అని పక్క కుర్చీలోంచి అరుస్తూనే ఉన్నాడు. నేను బండి వదిలి వెనక్కి వెళ్లాను. పోగు తెగితే మగ్గం ఆపాలని, ముడి వేశాకే పోగును అటూ ఇటూ నడిపే నాడెను మళ్లీ విసరాలని నా చేతులకు నేర్పింది ఆ బావే. అతని మీదికి వంగి, మళ్లీ లేపే మందు వేస్తుండగా నన్నూ కాల్చేశారు. (గాలి లేని చోట ఆ చప్పుడు బాగానే వినబడింది.)

తిరుగు బస్సులో లడ్డన్న, "గిట్లెందుకు చేసినవ్‌రా?" అని అడిగాడు.

"తెల్వదు."

"పోనీ తియ్యన్నా. అలవాటు," అన్నాడు బావ, కిటికీలోంచి చూస్తూ.

అలవాటేనని నేనూ చాలాకాలం చెప్పుకున్నాను. బావ వెళ్తే నా పక్క చోటు ఖాళీ అవుతుందన్న సంగతి ఆ క్షణంలో నా మనసులో ఉందో లేదో ఏ పుస్తకంలో వెతకాలో తెలియదు.

ఇది రాయడానికి ఆట నియమాలు మళ్లీ ఓపిగ్గా చెప్పిన లడ్డన్నకూ, రాసుకోను కాగితాలిచ్చిన గ్రంథాలయం మేడమ్‌కూ, ఆ రోజు ఇంటికొచ్చాక ఏమీ అడగని నాన్నకూ కృతజ్ఞతలు. చివరగా బావకు. ఇదంతా మగ్గం మీదే చదివి వినిపించాను. చేతిలో నాడె ఆపకుండా విన్నాడు. "పది అడుగులు గాదు, ఆరే," అన్నాడు.

పైన పది అనే ఉంచాను. పంతొమ్మిదేళ్ల ఆ పంతులికి ఆ నాలుగడుగుల సాకైనా మిగలనీ అనుకుని, నవ్వుకున్నాను.