ఏడారులు ముప్పై ఐదు

మా కంపెనీ బస్సు దోహాలో ఒక అమెరికన్ యూనివర్సిటీ క్యాంపస్‌కు నడుస్తుంది. అక్కడి పిల్లలు అమెరికన్ ఫుట్‌బాల్ ఆడతారు. పడదోసుకునే రకం కాదు. నడుముకు వేలాడే గుడ్డ పట్టీని ఎదుటివాడు లాగేస్తే పరుగు ఆగిపోతుంది. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు పోవాలి. ఆ పది గజాలు కొలిచే గొలుసు కొసన కర్ర పట్టుకుని గీత పక్కన నిలబడేది నేనే. ఆట అయ్యేదాకా డ్రైవర్‌కు పనేం ఉంటుందని కోచ్ పిలిచాడు. ప్లాటు బేరం గజాల్లోనే సాగే ఊరి నుంచి వచ్చినవాణ్ణి కాబట్టి కొలత వెంటనే పట్టుబడింది.

బంతి విసిరే అబ్బాయి వాళ్ళది నిజామాబాద్. పుట్టింది మాత్రం ఇక్కడే. ఇంట్లో దక్కనీ ఉర్దూ, నాతో తెలుగు. నేను బడి మధ్యలో మానేసి లెక్కలు సొంతంగా నేర్చుకున్నవాణ్ణి. ఎక్కాలంటే ఇష్టం. సిగ్నళ్ళ దగ్గర బస్సు ఆగినప్పుడల్లా వాడికి ఒక్కో వరుస చెప్పేవాణ్ణి. వాడు వాటిని మైదానంలోకి తీసుకుపోయాడు. బంతి చేతికి వచ్చేముందు ఎదుటివాళ్ళను తికమక పెట్టడానికి ఏవో అంకెలు అరవడం ఈ ఆటలో పద్ధతి. వీడు తెలుగులో ఏడో ఎక్కం అరిచేవాడు. జట్టుకు అర్థమయ్యేది చివర వచ్చే ‘యల్లా’ ఒక్కటే, అరబ్బీలో ‘పదండి’ అని. అది వినగానే కదిలేవాళ్ళు.

“వాళ్ళు మంత్రమనుకుంటుండ్రు చాచా,” అని నవ్వేవాడు.

“మంత్రమే. తప్పు చదివితే నీకే తగుల్తది.”

ఆ సీజన్‌లో చివరి ఆట వరకు మేం ఓడింది ఒక్కసారే. అబ్బాయి వాళ్ళ నాన్నది రాస్ లఫాన్ గ్యాస్ ప్లాంటులో షిఫ్టు డ్యూటీ. కొడుకు ఆట ఎన్నడూ చూడలేదు. చివరి ఆటకు మాత్రం తోటివాడితో డ్యూటీ మార్చుకుని వస్తానన్నాడు. ఆ శుక్రవారం అబ్బాయి బస్సెక్కుతూనే నాకు చెప్పిన మాట అదే.

ఆట మొదలైన కాసేపటికి, పట్టీ లాగబోయిన కుర్రాడి తలా వీడి తలా గట్టిగా తాకాయి. దెబ్బకు తల తిరిగిందేమో చూడటానికి, ఈరోజు ఏ వారం, ఎవరితో ఆడుతున్నాం, స్కోరెంత అని కోచ్ అడిగాడు. అన్నిటికీ సరిగ్గానే చెప్పి మళ్ళీ ఆటలోకి పోయాడు.

వెంటనే వచ్చిన వంతులో “ఏడారులు ముప్పై ఐదు” అని అరిచాడు. ‘యల్లా’ సరిగ్గానే పడింది, బంతీ బాగానే పోయింది. నాకు తప్ప ఎవరికీ తేడా తెలియలేదు, తెలిసే వీలూ లేదు.

విరామంలో నీళ్ళ సీసా ఇస్తూ అడిగాను. “ఏడారులెంత బిడ్డా?”

“నలభై రెండు. ఏంది చాచా, పరీక్ష వెట్టినవా?”

“ఇందాక ముప్పై ఐదన్నవ్.”

“అన్ననా?” సీసా మూత బిగించాడు. “దమ్ము అందలే, గంతే. కోచ్‌కు చెప్పకు చాచా. మా అబ్బా నా ఆట సూడనీకి తొవ్వల ఉన్నడు.”

చెప్పనన్నాను.

రెండో సగంలో ఎక్కం అరుస్తూ ముప్పై ఐదు దగ్గర ఆగిపోయాడు. మొదటి నుంచి ఎత్తుకుని మళ్ళీ అక్కడే ఆగాడు. గొలుసు పరిచి ఉండగా కర్ర పట్టినవాడు కదిలితే కొలత పోతుంది. రెఫరీ అరుస్తున్నా కర్ర కింద పెట్టి కోచ్ దగ్గరికి నడిచాను. నాకొచ్చిన ఇంగ్లిష్‌లో చెప్పాను. ఆయన ఇంకేమీ అడక్కుండా వాణ్ణి బయటికి పిలిచాడు.

వాడు బెంచీ మీద కూర్చుని, “చెప్పనన్నవ్ గద,” అన్నాడు. గొంతు పెంచలేదు.

కాసేపటికే వాళ్ళ నాన్న వచ్చాడు, డ్యూటీ బట్టల్లోనే. గట్టు మీద నిలబడి మైదానమంతా కొడుకు కోసం వెతికాడు. బెంచీ వైపు చూడాలని ఆయనకు చాలాసేపు తోచలేదు. మేం ఓడిపోయాం.

క్లినిక్‌లో భయపడాల్సిందేమీ కనబడలేదన్నారు, అయినా కొన్నాళ్ళు ఆడొద్దన్నారు. ఆ మాటతో నా లెక్క తేలలేదు. దెబ్బ నిజమైతే, మొదటిసారి విన్నప్పుడే చెప్పనందుకు తప్పు నాది. కాకపోతే, ఆ తండ్రి చూడాల్సిన ఆటను ఆపించినందుకు నాది. ఎటు కూడినా మిగిలేది నేనే.

తండ్రీకొడుకులిద్దరినీ ఇంటికి దింపడానికి నేనే బయల్దేరాను. వాళ్ళ నాన్న ముందు సీట్లో కూర్చున్నాడు.

“భాయ్, మావోడు మంచిగ ఆడుతడా?”

సీజన్ మొత్తం చెప్పాను. ఏ ఆటలో ఎన్ని గజాలు విసిరాడో, ఏది ఎవరి చేతిలో పడిందో, ఒక్కటీ వదలలేదు.

“నువ్వు చెప్తుంటే చూసినట్టే ఉన్నది,” అన్నాడు. తర్వాత అడిగాడు, “మరి ఇయ్యాల ఎవరు కూసోబెట్టిండ్రు?”

“కోచ్,” అన్నాను.

“ఏదో చూసే ఉంటడు తియ్యి.”

వెనక సీట్లో అబ్బాయి మేలుకునే ఉన్నాడు. కోచ్‌కు చెప్పింది నేనేనని బయటపెడతాడేమోనని ఇల్లు వచ్చేదాకా ఎదురుచూశాను. వాడు నోరు విప్పలేదు. దిగేటప్పుడు తండ్రి సంచి తాను అందుకున్నాడు. నాకు సలాం చెప్పలేదు.