డిఫాల్ట్ వంతు

అనంతపురంలో ఎరువుల దుకాణం మీది అంతస్తులో మా కంప్యూటర్ సెంటర్ ఉండేది. బోర్డు మీద ప్రపంచ పటం, లోపల రెండంటే రెండు కంప్యూటర్లు. వాటికి పూల గుడ్డ ముసుగులు. మేము చెప్పులు బయట విడిచి లోపలికి పోవాలి. ఇంత భక్తి చూపించినా అవి పలికేవి కావు, ఎందుకంటే కరెంటు ఉండేది కాదు.

కరెంటు లేదని ఊరుకుంటే సెంటర్ ఖాళీ అవుతుందని మా సార్ భయం. అందుకని సి భాషలో స్విచ్ పాఠాన్ని మా చేతే ఆడించాడు. ఒక అంకె ఇస్తే, ఆ అంకెకు రాసిన పని మాత్రమే జరగాలి. స్విచ్ అంటే అంతే. ఒకటికి కూడిక, రెండుకు తీసివేత, మూడుకు హెచ్చవేత, నాలుగుకు భాగహారం. నలుగురు మగపిల్లల్ని గోడ వెంబడి నిలబెట్టి తలా ఒక అంకె పంచాడు. పిలిచిన అంకెవాడు లెక్క చెప్పి "బ్రేక్" అని అరవాలి. అరవకపోతే పక్కవాడూ అందుకోవాలి. మూడోవాడికి బ్రేక్ ఎప్పుడూ గుర్తుండేది కాదు. వాడు ఎనిమిదిని రెండుతో హెచ్చవేసి పదహారు అనగానే, నాలుగోవాడు అదే ఎనిమిదిని రెండుతో భాగించి నాలుగు అని అరిచేవాడు. కింద ఎరువులకు వచ్చిన రైతులు తలెత్తి చూసేవారు.

ఐదో మనిషిని నేను, డిఫాల్ట్‌ని. ఆ నాలుగూ కాని అంకె వస్తే "తప్పు" అనడం నా ఉద్యోగం. సార్ అలాంటి అంకె పిలవకపోతే ఆ రోజంతా నోరు మూసుకుని ఇంటికి పోవడమే.

ఎప్పుడైనా కరెంటు వస్తే ఆ నలుగురే కంప్యూటర్ల మీద పడేవారు. నేను వెనక నిలబడి వాళ్ల మెడలు చూసేదాన్ని. ఒళ్లు మండిపోయేది.

"సార్, నా వంతెప్పుడు?"

"నువ్వు డిఫాల్ట్ కదమ్మా. ఎవురూ లేకుంటే నీకే," అని తన జోకుకు తనే నవ్వాడు.

ఇంటికి పోతే నాయన. విత్తనానికి శనక్కాయలు ఒలుస్తూ రోజూ అదే ప్రశ్న.

"ఈ పొద్దన్నా ముట్టినావా దాన్ని?"

"లేదు నాయనా."

"ఏం, కరుస్తాదా?"

నాకు ఏడుపొచ్చేది. కోర్సు అయిపోవస్తోంది, నేనింకా ఒక్క మీట నొక్కలేదు.

అంతలో ఊళ్లో కొత్త సినిమా పడింది. హీరో తొడ గొడితే జీపులు గాల్లోకి లేచే రకం. థియేటర్‌కు జనరేటర్ ఉంది కాబట్టి నలుగురూ పొద్దుటాటకే పోయారు. సెంటర్‌లో సార్, నేను. ఉన్నట్టుండి నెత్తిమీద ఫ్యాను తిరిగింది.

సార్ అలవాటుకొద్దీ గోడ వైపు చూశాడు.

"ఒకటోవాడు యాడ?"

"సినిమాకు పోయినాడు సార్."

"రెండోవాడు?"

"నలుగురూ ఆడే ఉండారు. ఎవురూ లేరు సార్," అంటూ ముసుగు లాగేశాను.

ఒక్క వేలితో అక్షరాలు వెతుక్కుంటూ ప్రోగ్రామంతా కొట్టాను. నాలుగు చోట్లా బ్రేక్ పెట్టాను, మూడోవాడి మీద కసికొద్దీ. అంకె ఇమ్మని అడిగింది. ఒకటి నొక్కమన్నాడు సార్. నేను తొమ్మిది నొక్కాను. నా మాట తెర మీద పడింది. ఆనందం పట్టలేక మళ్లీ ఏడు నొక్కాను, తర్వాత సున్నా.

సాయంత్రం నాయన అడగకముందే చెప్పేశాను.

"ముట్టినా నాయనా."

"ఏమన్నాది?"

"తప్పు అన్నాది."

ఒలిచే చెయ్యి ఆగింది. "మొదటి నాడే అంత మాటన్నాదా?"

"నేను చెప్తేనే అన్నాది నాయనా."

నాయన చేటను నా వైపు జరిపి, "అట్లైతే రేపు గూడా పోయి అనిపించు," అన్నాడు.